కోతకు ముందు ఇంకొక చూపు



ఈ సభలో పెట్టిన ఫొటోలో ఉన్న ఆయనకు కాగితాల మీద వేరే పేరుంది గానీ మా కాలేజీలో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. మా అందరికీ ఆయన పెద్దసారు. ఆయన సర్జరీ చెప్పేవారు, నేను పెథాలజీ. పొద్దున ఆయన థియేటర్లో కోసి తీసింది సాయంత్రానికి నా బల్ల మీదికి వచ్చేది. అలా ఇరవై రెండేళ్లు ఒకే ఆవరణలో పనిచేశాం.

ఆయనకు ఒక అలవాటుండేది. అత్యవసరం కాని పెద్ద ఆపరేషన్ ఏదైనా చెప్పవలసి వస్తే ఓపీ చీటీ వెనకవైపు తన చేత్తోనే నాలుగు వాక్యాలు రాసేవారు. తాను చూసిందేమిటి, అనుకుంటున్నదేమిటి, చేయదలచుకున్నదేమిటి, ఎక్కడ అనుమానంగా ఉంది. ఆ చీటీ రోగి చేతిలో పెట్టి, "ఇది తీసుకెళ్లి ఇంకో డాక్టరుగారికి చూపించమ్మా, ఆయనేమన్నారో వచ్చి నాకు చెప్పు" అనేవారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు. "మీ మీద నమ్మకం లేకపోతే కదయ్యా ఇంకోచోటికి పోయేది" అనేవారు. "నమ్మకం సంగతి కాదమ్మా, నేనూ మనిషినే. ఇద్దరం చూస్తే పొరపాటు దొరుకుతుంది" అని పంపేవారు.

ఆ చీటీ గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

ముందు నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. రోగి మా మొహం చూడడు, మేము రోగి మొహం చూడం. శరీరం నుంచి తీసిన ముక్క ఫార్మలిన్ సీసాలో వస్తుంది. దాన్ని మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. చూసింది కాగితం మీద పెడతాం. సర్జన్ అనుకున్నది నిజమా కాదా అన్నది ఆ కాగితం చెబుతుంది. అంటే నా ఉద్యోగ జీవితమంతా నేను రెండో అభిప్రాయమే చెప్పాను. కాకపోతే చాలాసార్లు కోత అయిపోయాక చెప్పాను.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ కుంగదీసినవి క్యాన్సర్ స్లైడ్లు కావు. సీసా మీద అంటించిన కాగితంలో వయసు 27, 29, 31 అని రాసి ఉన్న గర్భసంచులు. బయటి నర్సింగ్‌హోముల నుంచి వచ్చేవి. ఎందుకు తీశారో రాసిన చోట 'తెల్లబట్ట' అనో, 'కడుపునొప్పి' అనో ఉండేది. కోసి చూస్తే మామూలు గర్భసంచి. గర్భాశయ ముఖద్వారం దగ్గర కాస్త వాపు, అది మన ఆడవాళ్లలో చాలామందికి ఉండేదే. క్యాన్సర్ లేదు, క్యాన్సర్‌కు దారితీసే మార్పూ లేదు. అదే రాసి సంతకం పెట్టేదాన్ని. ఆ కాగితం వెళ్లి ఒక ఫైల్లో చేరేది. ఆ అమ్మాయికి ఎవరైనా చదివి చెప్పేవారో లేదో నాకు తెలియదు. చెప్పినా అప్పటికి చేసేదేముంది?

ఇది నా బల్ల మీది సంగతి మాత్రమే అనుకోకండి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. ఆ లెక్కలో దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. మన ఆడవాళ్ల గర్భసంచులకు దేశంలో ఎక్కడా లేని జబ్బులు మన దగ్గరే వస్తాయంటే నేను నమ్మను.

ఎలా జరుగుతుందో ఈ సభలో చాలామందికి తెలుసు. పదిహేడు, పద్దెనిమిదేళ్లకు పెళ్లి, ఇరవై రెండేళ్లకు ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పాతికేళ్లు దాటాక నెలసరి ఎక్కువవుతుంది, లేదా తెల్లబట్ట, నడుంనొప్పి. పొలం పనికి పోయే మనిషికి అది రోజూ ఇబ్బందే. ఊళ్లో ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంటుంది. తగ్గకపోతే ఆయన టౌనులో ఒక ఆసుపత్రి పేరు చెబుతాడు. స్కానింగ్ తీస్తారు. "సంచి పుండు పట్టింది, పిల్లలు ఎలాగూ చాలు కదా, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అంటారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఆ ఇంట్లో ఇక ఆలోచన అనేది ఉండదు. వారంలోగా వడ్డీకి డబ్బు తెచ్చి ఆపరేషన్ చేయిస్తారు.

ఆ వారంలో ఆమె ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఏం జరిగేదో చూడండి. జిల్లా ఆసుపత్రిలో గైనకాలజిస్టు అయినా చాలు. తెల్లబట్ట ఇన్ఫెక్షన్ వల్ల అయితే మందులతో తగ్గుతుంది, భర్తకూ మందులివ్వవలసి రావచ్చు. రక్తస్రావం ఎక్కువైతే ముందు రక్తహీనత, థైరాయిడ్ చూస్తారు. మాత్రలున్నాయి, హార్మోను విడుదల చేసే లూపు ఉంది. చిన్న ఫైబ్రాయిడ్ గడ్డలు ఏ బాధా పెట్టకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు, నెలసరి ఆగిపోయాక చాలావరకు అవే కుంచించుకుపోతాయి. క్యాన్సర్ భయం ఉంటే పాప్ పరీక్ష ఉంది, అవసరమైతే చిన్న ముక్క తీసి నాబోటివాళ్లకు పంపవచ్చు. అంటే నా కాగితం కోతకు తర్వాత కాకుండా ముందే వస్తుంది.

గర్భసంచి తీయడమే సరైన వైద్యమయ్యే జబ్బులు ఉన్నాయి. అవి వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు. నా గోడు అవసరం లేకుండా తీసిన వాటి గురించి. ముప్పై ఏళ్లకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ మనిషికి ముట్లుడిగిపోయే దశ ఆ రోజే వచ్చేస్తుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా ఆ దశ ముందుగానే వచ్చే అవకాశం ఎక్కువ. కూలికి పోయి బతికే ఒంటికి ఇది చిన్న నష్టం కాదు.

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద ఒక వైద్యుడే సుప్రీంకోర్టుకు వెళ్లారు. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అంతకు ముందు 2008 జనవరిలో ఇంకో తీర్పు ఉంది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె మత్తులో ఉండగానే తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు తెలివి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని కోర్టు తేల్చింది. చేయబోయేది ఏమిటి, దాని ముప్పేమిటి, వేరే మార్గం ఏముంది అన్నవి చెప్పి తీసుకున్నదే అనుమతి అని వివరించింది. వేరే మార్గం ఏముందో మొదటి డాక్టరు ఎంత బాగా చెప్పినా, ఇంకొకరి నోట కూడా వింటేనే మనిషికి కుదురు చిక్కుతుంది.

చదువుకోనివాళ్లే మోసపోతారని అనుకోవడం పొరపాటు. ఆర్చీ కాక్రేన్ పేరు ఇక్కడున్న వైద్య విద్యార్థులు వినే ఉంటారు. ఏ వైద్యం నిజంగా పనిచేస్తుందో పరీక్షించి తేల్చాలని ప్రపంచానికి నేర్పిన బ్రిటిష్ వైద్యుడు. ఆయన పేరిటే ఇవాళ కాక్రేన్ సంస్థ నడుస్తోంది. 1956లో ఆయనకు ఒక ఆపరేషన్ జరిగింది. కళ్లు తెరిచేసరికి సర్జన్ వచ్చి చంకలోదంతా క్యాన్సర్ కణజాలమేనని, వీలైనంత తీసేశానని చెప్పారు. ఎక్కువ కాలం బతకనని కాక్రేన్ నమ్మేశారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తరవాత పెథాలజిస్టు కాగితం వచ్చింది. తీసినదాంట్లో క్యాన్సర్ ఆనవాలే లేదు. ఆ సర్జన్ రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు. ప్రతిదానికీ రుజువు అడిగే కాక్రేన్ తన ఒంటి విషయంలో అడగలేకపోయారు. ఆ తరవాత ఆయన ముప్పై ఏళ్లకు పైగా బతికారు. పెద్ద తెల్లకోటు ఎదుట మన నోరు పెగలదు, ఎంత చదివినవాళ్లకైనా.

అలాగని పెథాలజిస్టు కాగితం శిలాశాసనమూ కాదు. 2015లో అమెరికాలో 115 మంది పెథాలజిస్టులకు రొమ్ము బయాప్సీ స్లైడ్లు ఇచ్చి, వారు రాసింది ముగ్గురు మహానిపుణులు కలిసి తేల్చినదానితో పోల్చారు. లోపలికి చొచ్చుకుపోయిన క్యాన్సర్ అయితే నూటికి 96 సార్లు ఏకీభవించారు. క్యాన్సర్ కాదు, మామూలూ కాదు అన్న నడిమి రకం మార్పుల దగ్గర నూటికి 48 సార్లే. మరుసటి ఏడాది, అంతదాకా థైరాయిడ్ క్యాన్సర్ అని పిలిచిన ఒక రకం గడ్డను క్యాన్సర్ అనకూడదని అంతర్జాతీయ పెథాలజిస్టుల బృందమే పేరు మార్చింది. మా వృత్తిలో నల్లటివి నల్లగా, తెల్లటివి తెల్లగా బాగానే కనిపిస్తాయి. బూడిద రంగు దగ్గరే తడబడతాం. మీ రిపోర్టులో 'అనుమానం', 'ఖచ్చితంగా చెప్పలేం' అన్న అర్థం వచ్చే మాటలుంటే అదే స్లైడును ఇంకొకరికి చూపించడం తప్పనిసరి.

స్లైడు అన్నాను, రిపోర్టు అనలేదు. మన ఇళ్లలో ఇప్పుడు రెండో అభిప్రాయం ఎలా జరుగుతుందో చూస్తున్నాను. గుంటూరులో నాన్నకు బయాప్సీ అయితే డాలస్‌లో కొడుకు వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో తెప్పించుకుని, అక్కడ తెలిసిన డాక్టరుకు పంపుతాడు. ప్రేమతోనే చేస్తాడు. కానీ ఆ ఫొటోలో ఉన్నది మొదటి డాక్టరు తీర్మానం, రోగం కాదు. తీర్మానాన్ని చదివిన రెండో డాక్టరు దానికే ఊ కొడతాడు. రెండో చూపు అంటే అసలు స్లైడు, అసలు మైనపు బ్లాకు, స్కాన్ అయితే రిపోర్టు కాదు, సీడీ. వీటిని వేరే కళ్లతో మొదటి నుంచి చూడాలి.

అవి మీకు అందవని అనుకోవద్దు. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చినవారు గానీ అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు దాచాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన 17 రోగి హక్కుల జాబితాలో తనకు నచ్చిన వైద్యుడి దగ్గర రెండో అభిప్రాయం తీసుకునే హక్కు ఒకటి. అలా అడిగినందుకు వైద్యంలో తేడా చూపకూడదని కూడా అందులో ఉంది. కాగితాల కోసం కౌంటరు దగ్గర విసుక్కునే మనిషి ఎదురైతే ఈ 72 గంటల మాట మర్యాదగా గుర్తుచేయండి.

నిజానికి మనకు అడ్డం వచ్చేది చట్టం కాదు, మొహమాటం. వైద్యుణ్ణి నారాయణుడిగా కొలిచే ఇళ్లలో పెరిగాం. ఇంకొకరికి చూపిస్తామంటే "అయితే అక్కడే చేయించుకోండి" అంటారేమోనని భయం. అలా అనే వైద్యులున్నారు, కాదనను. ఆ మాట విన్నప్పుడు రోగి చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఆ ఆసుపత్రి గురించి తెలియవలసింది తెలిసినట్టే. చరక సంహిత విమానస్థానంలో వైద్యుడు తన విద్య తెలిసిన ఇతరులతో చర్చించాలని, దానివల్ల జ్ఞానం పెరిగి సందేహం తీరుతుందని ఉంది. ఇవాళ పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో సర్జన్, కీమో ఇచ్చేవారు, రేడియేషన్ ఇచ్చేవారు, రేడియాలజిస్టు, పెథాలజిస్టు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క కేసు మాట్లాడుకుంటారు. ట్యూమర్ బోర్డు అంటారు. పెద్దసారు ఓపీ చీటీ వెనక ఒక్కరే నడిపింది అదే.

రెండో మనిషి ఎవరన్నదీ ముఖ్యమే. మొదటి డాక్టరు చెప్పిన ఆసుపత్రికో, ఆయన మిత్రుడి దగ్గరికో కాదు. వీలైతే ఆ ఆపరేషన్ వల్ల ఏ ఆదాయమూ లేని మనిషి దగ్గరికి వెళ్లాలి. నడిస్తే ఆయాసం, అప్పుడప్పుడు ఛాతీలో నొప్పి, యాంజియోలో ఒక బ్లాక్ కనిపించింది, స్టెంటు వేయాలన్నారు అనుకోండి. దానికి రెండో అభిప్రాయం ఇంకో స్టెంటు వేసే ఆయన దగ్గరే అయితే సరిపోదు. మందులతో గుండెను చూసే ఫిజీషియన్‌నూ అడగాలి. నిలకడగా ఉన్న గుండెజబ్బులో మందుల కంటే స్టెంటు మరణాలను గానీ గుండెపోట్లను గానీ గణనీయంగా తగ్గించలేదని 2007లో ఒక పెద్ద పరిశోధనలోను, 2020లో 5,179 మంది మీద జరిగిన ఇంకో పరిశోధనలోను తేలింది. నొప్పి బాగా ఉన్నవారికి స్టెంటు ఉపశమనం ఇస్తుంది. ఏది కావాలో తేల్చుకునే సమయం ఆ రోగికి ఉంటుంది.

సమయం లేని జబ్బులు వేరు. గుండెపోటు వచ్చినప్పుడు, పక్షవాతం కొట్టినప్పుడు, పేగు చిల్లుపడినప్పుడు ఇంకో డాక్టరు కోసం వెతకవద్దు. మూసుకున్న గుండె రక్తనాళం తెరవడానికి నిమిషాల లెక్క, పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి నాలుగున్నర గంటల గడువు. అక్యూట్ లుకేమియాలో రోజులు కూడా విలువైనవే. అయితే చాలా గడ్డ క్యాన్సర్లకు, మోకాళ్ల మార్పిడికి, వెన్నుపూస ఆపరేషన్‌కు, గర్భసంచికి ఒక వారం పది రోజులు ఆగినందువల్ల మునిగేదేమీ ఉండదు. "ఆగవచ్చా, ఎన్నాళ్లు?" అని మొదటి డాక్టరునే సూటిగా అడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1934లో న్యూయార్క్‌లో 11 ఏళ్ల బడిపిల్లలను వెయ్యి మందిని పరీక్షించారు. అప్పటికే 611 మందికి టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలిన 389 మందిని వైద్యులు చూసి 174 మందికి తీయాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపిస్తే అందులో 99 మందికి తీయాలన్నారు. వారూ వద్దన్న 116 మందిని మళ్లీ ఇంకొందరికి చూపిస్తే 51 మందికి తీయాలన్నారు. ఎన్నిసార్లు చూపించినా దాదాపు సగం మంది! కొలత ఏమిటో ఎవరూ చెప్పనప్పుడు ఎంతమందికి చూపించినా ఇంతే. కాబట్టి రెండో డాక్టరు దగ్గర "చేయించుకోవాలా వద్దా" అని అడిగి ఓట్లు లెక్కపెట్టవద్దు. రోగం పేరులో ఇద్దరూ ఏకీభవిస్తున్నారా, రోగం ఒకటే అయినా వైద్యంలో తేడా పడుతున్నారా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఏ ఆధారంతో అంటున్నారు అని అడగాలి. తేడా ఎక్కడుందో తెలిస్తే దాన్నే తీసుకుని మొదటి డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లాలి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని మన సామెత. పాలు అనే వైద్యుడు దొరికేదాకా తిరగడం రెండో అభిప్రాయం కాదు. క్యాన్సర్ కాదన్న నాలుగో మనిషిని నమ్మి నాటుమందుకు పోయి, ఆరు నెలల తరవాత గడ్డ పగిలి వచ్చినవాళ్లను నేను చూశాను.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. కూలిమనిషికి ఇంకో ఊరు వెళ్లడమంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి, తోడు వచ్చినవారి కూలి. కానీ ఆపరేషన్ కోసం వడ్డీకి తెచ్చే డబ్బుతో పోలిస్తే అదెంత? హైదరాబాద్ నిమ్స్, ఎంఎన్‌జే, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ ఉన్నాయి. జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి ఉంది. అక్కడి ఓపీ వరుసలో నిలబడటమే పేదవాడి రెండో అభిప్రాయం. దాన్ని చిన్నచూపు చూడవద్దు. ఆ ఓపీలో కూర్చునే డాక్టరు జీతం మీ ఆపరేషన్ మీద ఆధారపడి ఉండదు.

చివరగా ఒక విషయం. డెబ్బై ఒకటో ఏట పెద్దసారు మెడ దగ్గర బిళ్ల కట్టింది. తీసిన ముక్క నా దగ్గరికే వచ్చింది. లింఫోమా. అందులో వేగంగా పెరిగే రకం అని రాశాను. వెంటనే కీమో మొదలుపెట్టాలన్నారు. ఆయన నా గదికి వచ్చి కూర్చుని, "నువ్వు రాసింది చదివానమ్మా. బ్లాకు ఇంకొకరికి పంపు" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఆ మాట ఇవాళ ఒప్పుకుంటున్నాను. పన్నెండు రోజుల్లో జవాబు వచ్చింది. లింఫోమానే, కానీ మెల్లగా పెరిగే రకం. బాధలు లేనంతకాలం మందు ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉండవచ్చని రాశారు. స్లైడు మళ్లీ చూశాను. వారు రాసిందే సరి, తప్పు నాది. పెద్దసారు నాలుగేళ్లు ఏ కీమో లేకుండా పాఠాలు చెప్పారు. ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన నా దగ్గర తీసుకురాలేదు. నా రిపోర్టుల మీద నమ్మకంగా ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు.

ఈ సభలో వైద్యులు చాలామంది ఉన్నారు. మీలో కొందరు నా విద్యార్థులు కాబట్టి చనువుగా అడుగుతున్నాను. రేపు ఉదయం ఓపీలో అత్యవసరం కాని ఆపరేషన్ చెప్పవలసి వచ్చే మొదటి మనిషికి, ఆమె నోరు తెరిచి అడగకముందే ఆ చీటీ రాసి ఇవ్వండి. చూసిందేమిటి, అనుకుంటున్నదేమిటి, చేయదలచుకున్నదేమిటి, ఎక్కడ అనుమానం. నాలుగే వాక్యాలు. కింద మీ సంతకం పెట్టండి.